కత్తెర మన చేతికి వచ్చిన కథ

మీ ఇంట్లో బీరువా అడుగు అర ఒకసారి తీసి చూడండి. పేరంటాల్లో బొట్టుపెట్టి ఇచ్చిన రవికె గుడ్డలు ఎన్ని పోగయ్యాయో! వాటిలో సగం మనం మరో పేరంటంలో మరొకరి చేతిలో పెట్టేస్తాం. గుడ్డ ఖరీదు కంటే కుట్టుకూలి ఎక్కువైపోయిందాయె. మనకు సూది పట్టడం రాదా అంటే, వచ్చు. బొత్తాలు కుడతాం, అంచు మడిచి హెమ్మింగు చేస్తాం. చేతకానిదల్లా గుడ్డ మీద కత్తెర వెయ్యడం. ఎందుకిలా అయిందో మా మార్కాపురం, గిద్దలూరు వైపు ఆడవాళ్ల కుట్టుపని కథ చెబితే మీకే తెలుస్తుంది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. నల్లమల అంచున మెట్టనేల మాది. వాన పడితేనే పంట. గుడ్డను చిరిగేదాకా కట్టడం, చిరిగాక కుట్టడం, కుట్టు కూడా ఆగకపోతే బొంతలో వెయ్యడం అక్కడి ఆనవాయితీ. పాత చీరలు పొరలు పొరలుగా పరచి, పెద్ద సూదితో బారులు తీర్చి కుడితే బొంత అవుతుంది. దానికి బడి లేదు, పంతులమ్మ లేదు. అయితే బొంతకు కత్తెరతో పనిలేదు. చీరకూ లేదు. ముందు ముడివేసుకునే పాతకాలపు రైకకు కొలతల పట్టింపు అంతంతమాత్రమే. మనిషి లావెక్కినా, చిక్కినా ముడి సర్దుకునేది.

అదే ప్రాంతంలో తండాల్లోని సుగాలీ ఆడవాళ్ల సంగతి వేరు. వెనకటి రోజుల్లో వాళ్ల మగవాళ్లు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కన్ అంతా తిరిగేవారు. రోడ్లూ రైళ్లూ వచ్చి ఆ వ్యాపారం పోయింది గానీ, ఆడవాళ్ల చేతిలో సూది మాత్రం పోలేదు. కుచ్చుల లంగా, వీపున తాళ్లతో కట్టుకునే రవికె, వాటి మీద అద్దాలు, గవ్వలు, రంగు గుడ్డ ముక్కలు - అన్నీ వాళ్లే కత్తిరించి, వాళ్లే కుట్టుకునేవారు. సంతలో వాళ్లను చూసి వింతపడ్డామే గాని, మన ఒంటిమీది బట్ట మనమే కుట్టుకోవడంలో వాళ్లు మనకన్నా ముందున్నారని ఒప్పుకున్నామా? నాకు తెలిసి లేదు.

ఊళ్లో మనకేమో హుక్కుల జాకెట్టు వచ్చింది. మెడ, చంక, డాట్లు అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. ఆ లెక్క దర్జీ చేతిలో ఉండేది. పరాయి మగవాడికి ఒంటి కొలత ఇవ్వడం మర్యాద కాదని ఇంట్లో నుంచి 'ఆది జాకెట్టు' పంపేవాళ్లు. ఆది బిగుతైతే కొత్తదీ బిగుతే. ఒకసారి జరిగిన తప్పు ఏళ్ల తరబడి జాకెట్టు నుంచి జాకెట్టుకు వారసత్వంగా వచ్చేది!

ఇక బడి. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారి అమెరికన్ బాప్టిస్టు మిషను తర్వాత కంభం, మార్కాపురం దాకా పాకింది. మద్రాసు రాజధానిలోని ఆడపిల్లల బడుల్లో కుట్టుపని ఒక పాఠం. కాని చాలామంది పిల్లల చదువు కింది తరగతుల్లోనే ఆగిపోయేది. దాంతోపాటే కుట్టూ హెమ్మింగు దగ్గరే ఆగిపోయింది.

కుట్టుమిషను సంగతి చూడండి. అమెరికాలో 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజాక్ సింగర్ దీనికి పేటెంట్లు పొందారు. యంత్రాలంటే అంతగా గిట్టని గాంధీగారు కూడా 1924లో దీన్ని మినహాయించారు. భార్య కష్టం చూడలేక సింగర్ దీన్ని తయారుచేశాడని ఆయన చెప్పారు. ఆ సింగర్ మహాశయుడు నడిపిన సంసారాలు ఎన్నో బాపూజీకి తెలియదు కాబోలు! మన దేశంలో 1935లో కలకత్తాలో ఉషా మిషను తయారైంది. కాని మిషను కుడుతుందే గాని కత్తిరించదు కదా. కత్తిరింపు రహస్యాన్ని ఇళ్లకు చేర్చిన ఘనత బటరిక్ అనే అమెరికన్ దర్జీది. 1863లో ఆయన కొలతల వారీగా కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు.

ఆ నమూనాలు మా పెద్దమ్మ ఎన్నడూ చూడలేదు. తన ఆది జాకెట్టు కుట్లు విప్పి, ముక్కలు ఇస్త్రీ చేసి, పాత పేపరు మీద పరచి చుట్టూ గీత గీసేది. మాది పలకల ఊరు గనుక కొత్త మెడ ఏదైనా ముందు పలక మీద బలపంతో గీసి చూసేది. నచ్చకపోతే చెరిపేసేది. "కుట్టు తప్పితే విప్పుకోవచ్చే, కత్తెర తప్పితే ఏం చేస్తావ్?" అనేది నాతో. చంక దగ్గర మాత్రం లోతు తక్కువే తీసేది. చాలకపోతే ఇంకాస్త తీయొచ్చు, ఎక్కువ తీస్తే అతికించలేం అని.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మొదలైన సమాజ వికాస పథకాలతో మహిళా మండళ్లు, వాటిలో కుట్టు తరగతులు వచ్చాయి. 1953లో ఏర్పడ్డ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మన దుర్గాబాయిగారే తొలి అధ్యక్షురాలు. మొన్న 2025 మార్చి 8న మహిళా దినోత్సవ సభ మార్కాపురంలోనే జరిగింది. లక్షమందికి పైగా ఆడవాళ్లకు ఉచితంగా కుట్టు నేర్పే పథకం ఆనాడే మొదలైంది. వాన మీద ఆధారపడ్డ ఇంట్లో కుట్టుకూలి అంటే పంట పోయిన ఏడు చేతికొచ్చే నాలుగు డబ్బులు. అందుకే నాకో పట్టింపు. ఆ తరగతుల్లో మిషను తొక్కడంతో సరిపెట్టకుండా కత్తిరింపుకు ఎన్ని రోజులు కేటాయించారో అడిగి తెలుసుకోండి. నేరుగా కుట్టడం వారంలో వస్తుంది. చంక తీయడం వచ్చేదాకా పక్కింటావిడ తన గుడ్డ మీకివ్వదు.

మీరూ ఈ మధ్యాహ్నం ఆ అడుగు అరలోంచి మీకు అంతగా నచ్చని రవికె గుడ్డ ఒకటి తీయండి. పాత జాకెట్టు విప్పి, పేపరు మీద గీయండి. కుట్టుకు పోయే గుడ్డ కూడా లెక్కలో వేసుకోండి. ఒక్క మాట - పేపరుకు వేరే కత్తెర వాడండి. మా పెద్దమ్మ కత్తెర ఇప్పుడు నా దగ్గరుంది. దానితో కాగితం కోస్తే పదును పోతుందని ఆవిడ మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు.