కాలెండర్ లెక్క

న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యనిర్ణయం కోసం చేసేది వాదం. గెలుపే ధ్యేయంగా చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండం. బొగ్గుపులుసు వాయువు వలన భూమి వేడెక్కుతున్నదా అన్న చర్చ చరిత్రను చదివినప్పుడల్లా నాకు ఈ విభజనే స్ఫురిస్తుంది.

1938 ఫిబ్రవరిలో, లండన్‌లోని రాయల్ మెటియొరొలాజికల్ సొసైటీ సభలో గై స్టూవర్ట్ కాలెండర్ ఒక పత్రం సమర్పించాడు. ఆయన వాతావరణ శాస్త్రజ్ఞుడు కాడు, నీటి ఆవిరి ధర్మాలను పరిశోధించే ఇంజనీరు. గడచిన అర్ధశతాబ్దిలో మానవుడు ఇంధనం కాల్చి సుమారు 15,000 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును గాలిలో కలిపాడనీ, అందులో ముప్పాతిక వంతు అక్కడే నిలిచి ఉన్నదనీ ఆయన లెక్క. దాని వలన ఉష్ణోగ్రత ఏటా 0.003 డిగ్రీల చొప్పున పెరగాలి. దేశదేశాల కేంద్రాల కొలతలు కూర్చి చూస్తే పెరుగుదల 0.005 డిగ్రీలుగా తేలింది.

సభలో పెద్దలు ఒప్పుకోలేదు. సర్ జార్జి సింప్సన్ బ్రిటిష్ వాతావరణ శాఖాధిపతి. పూర్వం సిమ్లాలో మన వాతావరణ శాఖలో పనిచేసినవాడు, కెప్టెన్ స్కాట్ వెంట అంటార్కిటికాకు వెళ్ళినవాడు. కేవలం వికిరణాన్ని లెక్కించి వాయుమండలపు ఉష్ణోగ్రతను తేల్చలేమనీ, రెండు పెరుగుదలలూ కాకతాళీయం కావచ్చుననీ ఆయన అన్నాడు. పాత కొలతలు నమ్మదగినవేనా అని మరొక ఆక్షేపణ. ఇవి నిష్కారణంగా పుట్టిన శంకలు కావు. సిసలైన పూర్వపక్షం! అందుకే వాటికి సమాధానం వెదకడం సాధ్యమైంది. 1958లో కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండమీద నిఖార్సయిన కొలతలు మొదలుపెట్టాడు. 1967లో మనాబే, వెదరాల్డ్‌లు గాలి కదలికలను కూడా లెక్కలోకి తెచ్చారు. వాయువు రెట్టింపైతే కాలెండర్ చెప్పినది సుమారు 2 డిగ్రీలు. వారికి వచ్చినది సుమారు 2.3.

అరవై ఏళ్ళ తరువాతి చర్చ తీరు వేరు. ఎక్సాన్ సంస్థ సొంత శాస్త్రజ్ఞులు 1970ల చివరి నుంచి వేసిన అంచనాలలో అధికభాగం నిజమైనాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశీలన చూపింది. అయినా 1998లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో, ఎక్సాన్ ప్రతినిధి కూడా ఉన్న బృందం ఒక ప్రణాళిక వ్రాసుకొన్నది. ఈ శాస్త్రంలో అనిశ్చితి ఉన్నదని సామాన్య పౌరుడు గ్రహించిన నాడే తమకు విజయమని అందులో ఉన్నది. భూమి వేడెక్కడానికి మరొక కారణం నిరూపించాలన్న పట్టుదల అందులో కనబడదు. సందేహం మిగిలితే చాలు.

అన్నట్టు, కాలెండర్ ఈ వేడిమిని ఆపదగా భావించనే లేదు. ఉత్తరాది పంటలకు మేలు, హిమయుగం మళ్ళీ రాదు అని సంతోషించాడు. రోహిణీ కార్తెలో రెంటచింతల వంటి ఊళ్ళో ఉన్నవారికి ఆ సంతోషం అర్థం కాదు.

1964లో ఆయన మరణించేనాటికి ఉష్ణోగ్రతల పెరుగుదల కొంతకాలంగా ఆగిపోయి ఉన్నది. 2013లో ఎడ్ హాకిన్స్, ఫిల్ జోన్స్ అనే శాస్త్రజ్ఞులు, ఆయన కంప్యూటరు లేకుండా కట్టిన ఉష్ణోగ్రతల లెక్కను నేటి లెక్క ప్రక్కన పెట్టి చూశారు. రెండు గీతలూ దాదాపు కలిసిపోయాయి.