ఘబ్రాహట్ మాత్ర: ఆల్ప్రజోలం గురించి పరిశోధన ఏం చెప్పింది?

2025 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ ఓల్డ్ బోయిన్‌పల్లిలోని ఓ ప్రైవేటు స్కూలు బిల్డింగ్‌పై తెలంగాణ పోలీసుల ఈగల్ టీమ్ దాడి చేసింది. ఒకపక్క పిల్లలకు క్లాసులు నడుస్తుండగా, అదే బిల్డింగ్‌లో ఆల్ప్రజోలం తయారు చేస్తున్నారని, ఆ సరుకు మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకు వెళ్తోందని పోలీసులు చెప్పారు. వార్త చదివిన చాలామందికి ఆ పేరు డ్రగ్స్ కేసు పేరుగానే గుర్తుండిపోయింది. కానీ అదే పేరు మన ఇళ్లలో మందుల డబ్బాలో ఉన్న స్ట్రిప్ మీద కూడా కనిపిస్తుంది. 0.25 లేదా 0.5 మిల్లీగ్రాముల చిన్న మాత్ర అది. ఇంట్లో దాన్ని నిద్రమాత్ర అనో, ఘబ్రాహట్ మాత్ర అనో అంటారు.

ఆల్ప్రజోలం పానిక్ జబ్బుకు, ఆందోళనకు వాడే మందు. పానిక్ ఎటాక్ వచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఇక చచ్చిపోతామేమో అనిపిస్తుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. చాలామంది మొదట గుండెపోటు అనుకుని ఎమర్జెన్సీకి పరుగెత్తుతారు. అలా వెళ్లడంలో తప్పు లేదు. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు చేసి అలాంటి జబ్బులు లేవని తేల్చుకున్నాకే పానిక్ అనాలి. ఎటాక్‌లు మళ్లీ మళ్లీ వస్తూ, ఎప్పుడు వస్తుందోనన్న భయంతో మనిషి బజారుకు, దావత్‌కు, మసీదుకు వెళ్లడం మానేస్తే దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దీన్ని హౌల్‌దిల్ అని కొట్టిపారేస్తారు, లేదంటే నజర్ తగిలిందంటారు. రెండు మాటల వల్లా డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఆలస్యమవుతుంది.

ఈ జబ్బుకు మందు దొరికింది దాదాపు అనుకోకుండానే. 1959 ప్రాంతంలో న్యూయార్క్‌లోని హిల్‌సైడ్ హాస్పిటల్‌లో డోనాల్డ్ క్లైన్ అనే సైకియాట్రిస్ట్, తీవ్ర భయంతో ఉన్న పేషెంట్లకు ఇమిప్రమిన్ ఇచ్చి చూశారు. అది అప్పటికి కొత్తగా వచ్చిన డిప్రెషన్ మందు. కొన్ని వారాలు గడిచినా పేషెంట్‌ని అడిగితే ఏమీ తేడా లేదనే చెప్పాడు. నర్సులు మాత్రం వేరే మాట చెప్పారు: రోజూ చచ్చిపోతున్నానంటూ తమ దగ్గరికి పరుగెత్తుకొచ్చే మనిషి ఇప్పుడు రావడం లేదని. ఎటాక్‌లు ఆగాయి, వస్తాయేమోనన్న భయం మాత్రం మిగిలింది. ఎటాక్ వేరు, దాని గురించిన భయం వేరు అని క్లైన్‌కు అక్కడే తట్టింది. ఆ గమనికలు 1960ల మొదట్లో అచ్చయ్యాయి. 1980లో అమెరికన్ సైకియాట్రీ వర్గీకరణలో పానిక్ డిజార్డర్‌కు సొంత పేరు దక్కింది.

ఆల్ప్రజోలం ఇంకో దారిలో వచ్చింది. హాఫ్‌మన్ లా రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన లిబ్రియం 1960లో, వాలియం 1963లో మార్కెట్‌కొచ్చాయి. వీటిని బెంజోడయాజెపిన్లు అంటారు. మెదడులో గాబా అనే రసాయనం ఇచ్చే 'నెమ్మదించు' అనే సంకేతానికి ఇవి బలం పెంచుతాయి. అదే కుటుంబంలోని ఆల్ప్రజోలం అప్‌జాన్ కంపెనీది. 1981లో అమెరికాలో ఆందోళనకు, 1990లో పానిక్ డిజార్డర్‌కు అనుమతి వచ్చింది. వేసిన గంటలోపే మనిషికి నెమ్మది వస్తుంది. దాని పేరు ప్రపంచమంతా పాకడానికి ఆ వేగమే కారణం.

అప్‌జాన్ ఖర్చుతో పలు దేశాల్లో జరిగిన పెద్ద ట్రయల్ ఫలితాలు 1988లో వచ్చాయి. ఎనిమిది వారాల మందు, సుమారు 500 మంది పేషెంట్లు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే ఆల్ప్రజోలం వేసుకున్నవారు, ముఖ్యంగా తొలి వారాల్లో, బాగా తేరుకున్నారు. అసలు విషయం మందు ఆపేటప్పుడు బయటపడింది. తగ్గిస్తూ ఆపినా సుమారు మూడో వంతు మందికి విత్‌డ్రాయల్ లక్షణాలు వచ్చాయి. కొందరికి ఎటాక్‌లు మునుపటికంటే ఎక్కువగా తిరిగొచ్చాయి. లండన్‌కు చెందిన ఐజాక్ మార్క్స్ ఈ ట్రయల్‌ను గట్టిగా విమర్శించారు. లండన్, టొరంటోల్లో 154 మందితో ఆయన బృందం చేసిన పోలిక 1993లో అచ్చయింది. భయపడే చోటికి మెల్లమెల్లగా వెళ్లడం నేర్పించిన వారిలో ఫలితం నిలిచింది. మాత్ర మీదే ఆధారపడ్డవారిలో, మాత్రతో పాటే ఫలితమూ పోయింది.

ఇంకో సంగతి 2023లో తెలిసింది. ఆల్ప్రజోలం ఎక్స్‌ఆర్ అనే నిదానంగా పనిచేసే రకం మీద జరిగిన 5 ట్రయల్స్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం స్పష్టంగా గెలిచింది 1. జర్నల్స్‌లో అచ్చయినవి 3. అచ్చయినవే చదివిన డాక్టర్‌కు మందు ఉన్నదానికంటే గొప్పగా కనిపించడం సహజం. లాభం చూపించి నష్టాల ఖాతా దాచిన బ్యాలెన్స్ షీట్ లాంటిదే ఇది.

విత్‌డ్రాయల్ అంటే ఏమిటో తెలంగాణకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి మత్తుమందు కలిపిన కల్లు దొరక్కుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకు, ఫిట్స్, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. తాము రోజూ తాగుతున్నది ఆల్ప్రజోలం, డయాజెపామ్ లాంటివని వాళ్లలో చాలామందికి తెలియదు. డాక్టర్ రాసిచ్చిన తక్కువ డోసును దాంతో సమానం చేయలేం. కానీ నెలల తరబడి రోజూ వేసుకుంటే శరీరం అలవాటు పడే తీరు ఒకటే. అందుకే 2020లో అమెరికా ఈ మందులన్నిటి మీదా అలవాటు, విత్‌డ్రాయల్ గురించి బాక్స్ హెచ్చరిక పెట్టించింది.

రంజాన్ నెలలో ఇది మన ఇళ్లలో నేరుగా కనిపించే విషయం. ఆల్ప్రజోలం సగం బలం దాదాపు 11 గంటల్లో తగ్గిపోతుంది. అందుకే పానిక్‌కు దాన్ని రోజుకు మూడుసార్లు రాస్తుంటారు. రోజా ఉన్నవాళ్లు మధ్యాహ్నం మాత్ర వదిలేస్తే సాయంత్రానికి దడ, చిరాకు, వణుకు మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు దాన్ని నీరసం అనుకుంటారు, కొందరు ఈమాన్ బలహీనత అని కూడా అనేస్తారు. అది మందు బలం తగ్గడం వల్ల కావచ్చు. రంజాన్‌కు కొన్ని వారాల ముందే డాక్టర్‌తో మాట్లాడితే టైమింగ్ మార్చొచ్చు, లేదా మందే మార్చొచ్చు. సొంతంగా ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం, ఫిట్స్ రావచ్చు. జబ్బుపడ్డవారికి రోజాలో సడలింపు ఉందన్నది అందరికీ తెలిసిందే.

ఇప్పుడు పానిక్‌కు డాక్టర్లు ముందుగా ఎంచుకునేవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు. సెర్ట్రాలిన్, పారోక్సెటిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి. రోజుకు ఒక్కసారి చాలు కాబట్టి ఇఫ్తార్ తర్వాతో, సహరీలోనో వేసుకోవచ్చు. చిక్కేమిటంటే ఇవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా మొదటి వారంలో కొందరికి కంగారు ఇంకా పెరుగుతుంది. అక్కడే చాలామంది 'ఈ మందు పడలేదు' అని ఆపేసి పాత చిన్న మాత్రకు తిరిగిపోతారు. అందుకే తక్కువ డోసుతో మొదలుపెడతారు. అవసరమైతే ఆ కొద్ది వారాలకే ఆల్ప్రజోలం, క్లోనజెపామ్ లాంటిది తోడుగా ఇస్తారు. వీటిని కూడా హఠాత్తుగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి.

మందుల్లేని వైద్యానికీ గట్టి ఆధారం ఉంది. 2000లో డేవిడ్ బార్లో బృందం 312 మందితో చేసిన అమెరికన్ ట్రయల్‌లో సీబీటీ అనే కౌన్సెలింగ్, ఇమిప్రమిన్ రెండూ పనిచేశాయి. చికిత్స ఆపాక కౌన్సెలింగ్ ఫలితం ఎక్కువ నిలిచింది. మన దగ్గర అలాంటి కౌన్సెలింగ్‌కు టైమ్, డబ్బు రెండూ కావాలి. చీటీ రాయడానికి రెండు నిమిషాలు చాలు.

చట్టం ప్రకారం ఆల్ప్రజోలం ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 జాబితాలోనూ ఉంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మిన వివరాలు మెడికల్ షాపు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. 'పాత స్ట్రిప్ చూపిస్తే చాలు' అనే షాపు చట్టాన్ని పాటించనట్టే.

సికింద్రాబాద్ వాళ్లకు దగ్గర్లో గాంధీ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. టెలిమానస్ నంబర్ 14416కు ఏ టైమ్‌లో అయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న స్ట్రిప్‌లన్నీ, ఎన్నాళ్ల నుంచి ఎన్ని వేసుకుంటున్నారో రాసిన కాగితం వెంట తీసుకెళ్తే డాక్టర్‌కు డోసు తగ్గించే ప్లాన్ వేయడం తేలికవుతుంది.