బర్గండీ ద్రాక్షతోటలు, ప్రభుబల్లపై పాత్ర: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వేంపల్లె పరిసర గ్రామాలలో పరిచర్య చేసే కాపరులకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "సారా ముట్టొద్దని చెప్తారు, మరి కానా పెండ్లిలో మీ ప్రభువు చేసిందేంది?" ఎగతాళికి అడిగేవారు కొందరు. తాగుడు వలన సంసారం గుల్లయి, నిజంగా జవాబు కావాలని అడిగే తల్లులు మరికొందరు. మొదటివారికి చమత్కారంగా బదులు చెప్పి తప్పుకోవచ్చు గాని, రెండవవారికి అలా చెప్పలేము.

ఈ జవాబుకు సంఘ చరిత్రలోని ఒక అధ్యాయం తోడ్పడుతుందని మేము భావిస్తున్నాము. అది ఫ్రాన్సు దేశంలోని బర్గండీ ప్రాంతపు ద్రాక్షారస చరిత్ర. ద్రాక్షారసం మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్న కంటే, ప్రభుబల్లపై ఉన్న పాత్ర ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న ప్రశ్నే గంభీరమైనదని ఆ చరిత్ర మనకు చూపిస్తుంది.

1. సున్నపురాతి నేల

భూగర్భ శాస్త్రజ్ఞులకు వేంపల్లె పేరు సుపరిచితం. పాపఘ్ని పరివాహక ప్రాంతంలో బయటపడే అతి ప్రాచీనమైన సున్నపురాతి, డోలమైటు పొరలకు వారు ఈ ఊరి పేరే పెట్టారు. ఆ రాళ్ల వయస్సు సుమారు 190 కోట్ల సంవత్సరాలు. బర్గండీలోని ప్రసిద్ధమైన తోటలు కూడా సున్నపురాతి వాలుల మీదనే ఉన్నాయి. ఆ రాళ్ల వయస్సు సుమారు 16, 17 కోట్ల సంవత్సరాలు. రాయి ఒకే జాతిదైనా వాతావరణం వేరు, సేద్యం వేరు. ఇక్కడ వేరుశనగ, చీని, అరటి. అక్కడ ఎర్ర ద్రాక్షారసానికి పినో న్వార్, తెల్ల ద్రాక్షారసానికి షార్డొనే అనే ద్రాక్ష రకాలు.

దిజోన్ పట్టణం నుండి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల పొడవున సాగే సన్నని కొండవాలే బర్గండీకి గుండెకాయ. అక్కడ ఒక చేనికీ పక్క చేనికీ రసంలో తేడా ఉంటుందని ఎంచి, ఒక్కొక్క చేనికి ఒక్కొక్క పేరు పెట్టుకున్నారు. అటువంటి 1,247 తోటలున్న ప్రాంతాన్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన రైతు ఎర్రనేల, నల్లరేగడి, గరుసునేల అని విడదీసి చెప్పినట్లే వారు కూడా నేలను చదివారు. ఆ చదువును శతాబ్దాల పాటు సాగించిన వారిలో ముఖ్యులు సన్యాసులు.

2. సన్యాసుల తోటలు

బెనెడిక్టు నియమావళి సన్యాసికి దినమునకు కొద్ది కొలత ద్రాక్షారసాన్ని అనుమతించింది. ఆరాధనలో బల్లకు అది అవసరం. అతిథులకు, రోగులకు కూడా ఇచ్చేవారు. కనుక మఠం ఉన్న చోట ద్రాక్షతోట ఉండటం సహజమైంది. 910లో స్థాపించబడిన క్లూనీ మఠం కాలక్రమేణా గొప్ప సంపదను, వైభవాన్ని సంతరించుకుంది. అటువంటి మఠ జీవితంలో సడలిన కఠిన నియమాన్ని తిరిగి నెలకొల్పాలన్న ఆశతో 1098లో కొందరు సన్యాసులు సీతో అనే బురదనేలలో కొత్త మఠం కట్టారు. సిస్టర్షియన్ సమాజం అక్కడే పుట్టింది. చేతులతో పని చేయడం వారి నియమం.

సీతో చుట్టూ ఉన్న తడినేల ద్రాక్షకు పనికిరాదు. అందుచేత 12వ శతాబ్దపు తొలినాళ్ల నుండి వారు కొండవాలులో దానంగాను, కొనుగోలుగాను భూములు సంపాదించి తోటలు వేశారు. క్లో ద వూజో అనే ఆ తోట సుమారు 50 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 125 ఎకరాలు. దాని చుట్టూ రాతిగోడ 14వ శతాబ్దం నాటికి పూర్తయింది. సన్యాసులతో పాటు, గురుపట్టం లేని శ్రామిక సహోదరులు అక్కడ చెమటోడ్చారు. పేదరికాన్ని కోరి బయలుదేరిన సమాజం రెండు శతాబ్దాలు గడిచేసరికి గోడ కట్టుకున్న భూస్వామి అయింది. సంఘాల ఆస్తుల వివాదాలను చూస్తున్న మనకు ఇది కొత్త కథ కాదు.

3. తోట సంఘానిది, పాత్ర ఎవరిది?

తోటలు విస్తరించిన ఆ శతాబ్దాలలోనే పశ్చిమ సంఘంలో మరొక మార్పు జరిగింది. ప్రభుభోజనంలో సామాన్య విశ్వాసికి రొట్టె మాత్రమే ఇచ్చి, పాత్రను గురువులు మాత్రమే తీసుకొనే వాడుక క్రమంగా స్థిరపడింది. 1415లో కాన్‌స్టెన్స్ మహాసభ దానిని శాసనం చేసింది. అదే సభ అదే సంవత్సరం జాన్ హస్‌ను మరణానికి అప్పగించింది. పాత్రను ప్రజలందరికీ ఇవ్వాలని అతని అనుచరులు బొహీమియాలో పోరాడారు. వారి జెండాపై పాత్రే గుర్తు. ఒక శతాబ్దం తరువాత సంస్కరణోద్యమం ఆ పాత్రను సామాన్యుల చేతికి తిరిగి అందించింది. యూరపులో ద్రాక్షారసానికి కొరత లేని దినాలలోనే విశ్వాసికి పాత్ర కరువైంది!

అయితే బర్గండీలో మరొక సాక్ష్యం కూడా ఉంది. 1443లో బోన్ పట్టణంలో నికోలా రోలాఁ, అతని భార్య గిగోన్ ద సాలాఁ పేద రోగుల కొరకు వైద్యశాలను స్థాపించారు. దాతలు దానికి ద్రాక్షతోటలు రాసిచ్చారు. 1859 నుండి ఆ తోటల రసాన్ని ఏటా వేలం వేసి, సొమ్మును వైద్యసేవకు వినియోగిస్తున్నారు. గోడ వెనుక ఉన్న తోటను మాత్రం 1789 విప్లవం మఠం నుండి తీసివేసింది; 1791లో దానిని అమ్మివేశారు. నేడు అది సుమారు 80 మంది యజమానుల మధ్య ముక్కలై ఉంది.

4. పాస్టర్ పరిశోధన నుండి మన బల్ల వరకు

1860లలో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాస్టర్, బర్గండీకి తూర్పున ఉన్న జూరా ప్రాంతంలో, ద్రాక్షారసం ఎందుకు చెడిపోతుందో పరిశోధించాడు. దానికి సూక్ష్మజీవులు కారణమని, మితంగా వేడిచేస్తే అవి నశిస్తాయని చూపించాడు. 1869లో అమెరికాలోని న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు విశ్వాసి ఆ పద్ధతినే ద్రాక్షపండ్ల రసానికి ఉపయోగించి, పులియకుండా నిలువ చేశాడు. ప్రభుబల్ల కొరకే అతడు ఆ పని చేశాడు. మత్తు లేని పాత్ర అనేక సంఘాలలో వాడుకలోకి రావడానికి ఇదొక మార్గమైంది. నేడు ఎండుద్రాక్షను నానబెట్టి, మరిగించి, వడకట్టి పాత్ర సిద్ధం చేసే మన గ్రామ సంఘ పెద్దలు కూడా, తెలియకుండానే, ఆ మార్గంలో నడుస్తున్నారు.

కడప జిల్లాలో ఈ అలవాటుకు మరొక నేపథ్యం కూడా ఉంది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించి, 1938లో కడప, చిత్తూరు జిల్లాలకు విస్తరింపజేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాజేసిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ నిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలింది. చట్టాలు వచ్చాయి, పోయాయి. ఇంటి గడపలో ఎదురుచూసే స్త్రీ దుఃఖం పోలేదు.

ముగింపు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. తెలుగు బైబిలులో 'ద్రాక్షారసము' అన్న మాట వినగానే మనవారికి పండ్లరసం స్ఫురిస్తుంది, 'మద్యము' వేరుగా కనిపిస్తుంది. కాని బైబిలు కాలపు ద్రాక్షారసం సామాన్యంగా పులిసినదే. కొరింథు సంఘంలో కొందరు ప్రభుభోజనం వద్దనే మత్తులైరని పౌలు గద్దించడమే దానికి సాక్ష్యం. అది కేవలం పండ్లరసమని చెప్పి ప్రశ్నను దాటవేయడం సత్యమైన బోధ కాదు. విద్యార్థులు ఈ విషయాన్ని దాచకుండా బోధించాలని మా మనవి.

మరి మత్తు లేని పాత్రను ఎందుకు వాడాలి? నిన్నటి వరకు సారా దుకాణం ముందు పడి ఉండి, నేడు మారుమనస్సు పొందిన సహోదరుడు కూడా భయం లేకుండా ఆ పాత్రను అందుకోవాలి గనుక. పులిసిన రసం వాసనే అతనికి శోధన కావచ్చు. అతని నిమిత్తం సంఘమంతా ఒక పాత్రను విడిచి మరొక పాత్రను ఎత్తుకుంటుంది. కానాకు వెరచి కాదు, సహోదరుని ప్రేమించి. మధ్యయుగపు సంఘానికి తోటలు సమృద్ధిగా ఉన్నా పాత్రను సామాన్యులకు దూరం చేసింది. తోటలు లేని మన మెట్టప్రాంతపు సంఘం గుప్పెడు ఎండుద్రాక్షతో దానిని అందరికీ అందించగలదు. ఆ తల్లికి కాపరి చెప్పవలసిన జవాబు ఇదే: "అమ్మా, నీ భర్త కూడా రేపు ఈ బల్ల దగ్గరికి రావాలని మేము ఈ పాత్రను ఇలా సిద్ధం చేశాము."