శీఘ్రస్ఖలనము - ఒక లజ్జ యొక్క చరిత్ర

హైదరాబాదునుండి విజయవాడకు బోవు రాజమార్గమున హయతునగరము దాటిన పిమ్మట బాటసింగారము వచ్చును. ఈ దారిని బోవువారికి గోడలపై "రహస్యరోగములకు గ్యారంటీ చికిత్స" యను వ్రాతలు తరచుగా గన్పట్టుచుండును. నాయొద్ద జదువుకొనిన యొక యువకుడు వివాహమైన యారు నెలలకు అట్టి వ్రాతను నమ్మి, భార్యకు దెలియకుండ ఆమె గొలుసు కుదువబెట్టి పొడులు కొనెను. గుణము కలుగలేదు. అతడు మాటలాడుట మానెను. లోపము తనయందే యున్నదని తలచి ఆ బాలిక పుట్టింటికి బోయెను. వారి బాధకు మూలము శీఘ్రస్ఖలనము. కాని వారి కాపురమును చెరచినది ఆ రోగమా, దానిచుట్టు నల్లుకొన్న సిగ్గా? చరిత్రను జూచిన నాకు రెండవదియే యని తోచుచున్నది.

మన పూర్వులు ఈ విషయమును దాచలేదు. వాత్స్యాయనుడు కామసూత్రముల రెండవ యధికరణమున రతికాలమును బట్టి పురుషులను మూడు తెగలుగా విభజించెను: శీఘ్రకాలురు, మధ్యకాలురు, చిరకాలురు. స్త్రీలకును ఇదే విభాగము చెప్పెను. ఆయన దృష్టిలో శీఘ్రుడు పాపి గాడు. మనుష్యులలో నొక తెగవాడు మాత్రమే. ఇరువురి వేగములు సమానములు గానపుడు ఏమి చేయవలెననునదియే ఆయన విచారణ. సంగమమునకు ముందే హస్తస్పర్శాదులచే స్త్రీని సంసిద్ధురాలిని జేయవలెనని ఆయన చెప్పిన యుపాయము నేటి వైద్యుల మాటకు దూరము గాదు. స్త్రీకి సుఖానుభవము కలదా లేదా యను పూర్వాచార్యుల వివాదమును వివరించి, కలదనియే ఆయన నిర్ణయించెను.

చరకసంహితలో చికిత్సాస్థానమున 28వ యధ్యాయము వాతవ్యాధులను గూర్చినది. వాతము శుక్రమును జేరినచో శుక్రము త్వరగా వెడలుటయో, నిలిచిపోవుటయో సంభవించునని యందు గలదు. దేహమున చలనమునకెల్ల వాతమే మూలమని వారి సిద్ధాంతము. అనగా వారు దీనిని శీలదోషముగా గాక దేహవ్యాపారముగా నెంచిరి. తెలుగునను 15వ శతాబ్దమున కూచిరాజు ఎఱ్ఱన కొక్కోకుని రతిరహస్యము ననుసరించి పద్యకృతి రచించెను.

ఆ పిమ్మట మౌనము వచ్చినది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రకటించిన ముద్దుపళని రాధికాసాంత్వనమును ఆంగ్లప్రభుత్వము నిషేధించెను; 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. స్త్రీ తన కోరికను బలుకుటయే యశ్లీలమైన కాలమున, పడకటింటి చిక్కును భార్యాభర్తలు ఎట్లు చెప్పుకొందురు? మాట లేనిచోట భయము పెరిగినది. అనేక రక్తబిందువులు కలిసి యొక్క శుక్రబిందువగునను నమ్మకము యువకులను బెదరించెను. శుక్రనష్టభయముతో కృశించి వచ్చు రోగుల స్థితికి డాక్టరు ఎన్.ఎన్. విగ్ 1960లో "ధాత్ సిండ్రోము" అని పేరిడెను. అట్టివారిలో పలువురు శీఘ్రస్ఖలనమును గూడ మొరపెట్టుకొందురు. భయము వేగమును బెంచును. వేగము మరల భయమును బెంచును.

పాశ్చాత్యులును మొదట త్రోవ తప్పిరి. 1917లో కార్ల్ అబ్రహాము దీనికి మూలము పురుషుని మనస్సున దాగిన స్త్రీద్వేషమని వ్రాసెను. 1948లో కిన్సీ అమెరికాలో వేలమందిని విచారించి, నలుగురిలో మువ్వురు పురుషులు రెండు నిమిషములలోపలనే ముగింతురని చెప్పి, ఇంత సామాన్యమైనది రోగమెట్లగునని ప్రశ్నించెను. 1956లో జేమ్స్ సీమన్స్ అను వైద్యుడు సులభమైన యభ్యాసము నుపదేశించెను: ఉద్రేకము హద్దునకు రాగానే ఆపవలెను, అది తగ్గిన పిమ్మట మరల నారంభింపవలెను, భార్య తోడ్పాటుతో ఇట్లు అభ్యసింపగా నిగ్రహము క్రమముగా నలవడును. 1970లో మాస్టర్సు, జాన్సను అనువారు ఈ పద్ధతిని మార్పులతో వ్యాపింపజేసిరి. వీరి చికిత్సలో రోగి ఒక్కడు గాడు, దంపతులిద్దరు. ఇది గొప్ప మార్పు.

2005లో ఐదు దేశములయందు సుమారు 500 జంటలచే గడియారముతో కాలమును గణింపజేసిరి. నడిమి లెక్క 5.4 నిమిషములు. ఒక్క నిమిషమైన నిలువనివారును, నలువది నిమిషములు దాటినవారును అందు గలరు. గంటలకొలది యను ప్రగల్భములు నమ్మదగినవి గావు. 2014లో అంతర్జాతీయ వైద్యసంఘము చేసిన నిర్వచనమున మూడు లక్షణములు గలవు: మొదటినుండియు దాదాపు ప్రతిసారి ఒక నిమిషములోపల ముగియుటయో, నడుమ వచ్చినదైన కాలము మూడు నిమిషములకు దగ్గుటయో, ఆపుకొనలేమి, దానివలన మనఃక్లేశము. ఈ మూడును గూడిననే రోగము. క్లేశము లేనిచో చికిత్సయు నక్కరలేదు.

నడుమ వచ్చినచో ప్రోస్టేటు వాపు, థైరాయిడు ఆధిక్యము, అంగస్తంభన లోపము మున్నగు కారణములను వైద్యుడు పరీక్షింపవలెను. సెరటోనినుపై బనిచేయు మాత్రలును, స్పర్శను మందగింపజేయు పైపూతలును పలువురకు మేలొనరించుచున్నవి. కాని వానికి దుష్ఫలములు గలవు; వైద్యుని సలహా లేక వాడరాదు. అభ్యాసమును ఔషధమును గలసిన ఫలము మిక్కుటము.

రతిశక్తిని బెంచెదమని మందులు ప్రకటించుట 1954 నాటి చట్టముచే నేరమైనది. అయినను గోడల వ్రాతలు మాయలేదు. ఏలయన వానిని బోషించునది మన మౌనమే. విజయవాడ వైద్యులు డాక్టరు సమరముగారు పత్రికలలో ఈ విషయములను తేటతెలుగున వివరించి ఆ మౌనమును గొంత ఛేదించిరి. తక్కినది మన యిండ్లలో జరుగవలసిన పని.

నా శిష్యుని కథ ముగించెదను. అతని యక్క జోక్యము చేసికొని మరదలిని బిలిపించెను. దంపతులిరువురు గలసి యొక వైద్యుని యెదుట గూర్చుండిరి. ఆ కుర్చీలో భార్య ప్రక్కన గూర్చుండుటయే తనకు మొదటి మందయ్యెనని అతడు నాతో జెప్పెను. గొలుసు ఇంకను విడిపింపలేదు. అయినను ఇంట మాట మరల వినబడుచున్నది.