సత్యం దగ్గర ఉన్న అసలు సరుకు

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో లోకానికి గుర్తుండిపోయింది 5,040 కోట్లు. ఖాతాల్లో ఉండి బ్యాంకుల్లో లేని సొమ్ము అది. నన్ను ఇప్పటికీ కలచివేసేది మాత్రం ఇంకో అంకె. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి 2,700 కోట్ల ఆదాయం చూపించామనీ, నిజంగా వచ్చింది 2,112 కోట్లనీ ఆయన ఒప్పుకున్నారు. సికింద్రాబాద్ పీ అండ్ టీ కాలనీలో 1987లో ఇరవై మందితో మొదలైన కంపెనీకి మూడు నెలల్లో 2,112 కోట్లు! దాచుకోవాల్సిన అంకేనా అది?

ఆ డబ్బు వెనక పని తెలిసిన మనుషులున్నారు. 1991లో అమెరికా ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ సత్యానికి తొలి పెద్ద కస్టమర్‌ అయింది. ఇండియాలో కూర్చుని అమెరికా కంపెనీకి ప్రోగ్రాములు రాయొచ్చంటే నమ్మే రోజులు కావవి. సత్యం వాళ్లు డీర్ ఆఫీసుకు దగ్గర్లోనే ఇంజినీర్లను పెట్టి, కస్టమర్‌ను నేరుగా కలవకుండా, హైదరాబాద్ నుంచి చేస్తే ఎలా ఉంటుందో అలాగే చేసి చూపించారు. ఎక్కడ చిక్కు వస్తుందో ముందు తాము తెలుసుకున్నారు. ఆ తెలివిడినే అమ్మారు.

ఈ వ్యాపారంలో అద్దాల బీరువాలో పెట్టి చూపించే వస్తువేమీ ఉండదు. పాత కోడ్‌లో ఒక లైను కదిలిస్తే ఎక్కడ బిల్లింగ్ ఆగిపోతుందో తెలిసిన మనిషే సరుకు. మూడు వారాల్లో కాదండీ, ఆరు వారాలు పడుతుందని కారణంతో సహా చెప్పగలిగినవాడి మాటకే కస్టమర్ విలువిస్తాడు. మాదాపూర్ ఇన్ఫోసిటీలో అలాంటివాళ్లు వేలమంది ఉండేవారు.

ఛైర్మన్ మాత్రం ఇంకో బజారులో ఇంకేదో అమ్ముతూ వచ్చారు. దలాల్ స్ట్రీట్‌లో, 2001 నుంచి న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో, ఆయన అమ్మింది మార్జిన్. ఆ సెప్టెంబరులో 61 కోట్ల లాభం 649 కోట్లయింది. వేల దొంగ ఇన్‌వాయిస్‌లు పుట్టాయి. వాటిలో ఏ ఒక్కదాని వెనకా రాత్రి మేలుకున్న ఇంజినీరు లేడు. ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్ సంతకం పెట్టింది. అదే ఏడాది మంచి పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డూ వచ్చింది. డిసెంబరు 16న తన కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొని ఖాతాల్లోని ఆ గొయ్యి పూడ్చాలని చూస్తే వాటాదారులు తిరగబడ్డారు. పులి మీద స్వారీ చేస్తున్నానని, దిగితే తినేస్తుందని లేఖలో రాసుకున్నారాయన. ఎక్కకుండా ఉండగలిగినవాడు కదా అన్నదే నా దుఃఖం.

ఒక్క రోజులో షేరు నలభై రూపాయల దగ్గరికి పడిపోయింది. యాభై వేల కుటుంబాలు ఈ నెల జీతం వస్తుందా అని ఎదురుచూశాయి. అమెరికా బీమా కంపెనీ స్టేట్ ఫార్మ్ వెళ్లిపోయింది. కానీ చాలామంది కస్టమర్లు ఉండిపోయారు. బ్యాలెన్స్ షీట్‌ను ఎవరూ నమ్మని ఆ వారాల్లోనూ వాళ్ల సిస్టమ్‌లు నడుస్తూనే ఉన్నాయి, నడిపేవాళ్లు తమకు తెలిసినవాళ్లే. కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ వంటివారితో ప్రభుత్వం వేసిన బోర్డుకు నిలబెట్టడానికి మిగిలింది ఆ నమ్మకమే. ఏప్రిల్ 13న షేరు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది కూడా దానికోసమే. 2010లో దక్షిణాఫ్రికా ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ఫిఫా సాఫ్ట్‌వేర్ పని చేసింది వీళ్లే, మహీంద్రా సత్యం పేరుతో.

2013లో విలీనంతో ఆ సగం పేరూ పోయింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుకు ఏడేళ్ల శిక్ష వేసింది. ఉన్న లాభం ఉన్నట్టు చెప్పి ఉంటే షేరు కొంత తగ్గేది, విశ్లేషకులు పెదవి విరిచేవారు. అంతకు మించి ఏమీ జరిగేది కాదు.