ముందు బావికి, ఆ తర్వాత ఇంటికి: మా పల్లెలో కరెంటు కథ

మా ఇంటికి కరెంటు ఎప్పుడొచ్చింది అని అడిగితే మా అవ్వ సంవత్సరం చెప్పేది కాదు. "ముందు బాయికి వచ్చె, ఆమీట ఇంటికి వచ్చె" అనేది. చిన్నప్పుడు ఆ మాటని మేము పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఇంటి పాత సంగతులు కూడదీసుకుంటుంటే, కోయంబత్తూరు పల్లెల కరెంటు చరిత్ర సగం ఆ మాటలోనే ఉందనిపిస్తోంది.

మనవాళ్ళు ఈ కొంగునాడులో స్థిరపడి చాలా తరాలైంది. ఇక్కడ వానలు తక్కువ. నైరుతి వాన చాలావరకు కనుమల అవతలే కురిసిపోతుంది. అందుకే సేద్యానికి బావే దిక్కు. రాయి తొలిచి లోతుగా దింపిన బావి, దాని మీద కపిల, ఒక జత ఎద్దులు, తోలు సంచి. బావి ఉన్న భూమిని తోట అంటాం, వానని నమ్ముకున్నదాన్ని కాడు అంటాం. ఎవరికి తోట ఉంది, ఎవరికి లేదు అన్న తేడాయే తర్వాత కరెంటుకి కూడా దారి చూపించింది.

నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో మొదలైంది. ఆ కరెంటు కొండ దిగి కోయంబత్తూరు చేరాక నూలు మిల్లులు వరసగా లేచాయి. మిల్లుల తర్వాత వంతు తోటలది. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి ఇక్కడే ఎలక్ట్రిక్ మోటరు తయారుచేశారు. మన దేశంలో తయారైన తొలి మోటర్లలో అది ఒకటి. తర్వాత్తర్వాత మోటర్లకీ పంపులకీ కోయంబత్తూరే పేరుపడింది. కపిల తోలే ఎద్దులకి మెల్లగా విశ్రాంతి దొరికింది.

బావికే ముందు ఎందుకు? లెక్క సులభం. స్తంభాలు పాతి తీగ లాగే ఖర్చు ఎవరికి లాగినా ఒకటే. మోటరు రోజూ గంటల తరబడి తిరుగుతుంది, బిల్లు వస్తుంది. ఒక్క బల్బు వెలిగే ఇంటి నుంచి ఏమొస్తుంది? అందుకని లైను తోటల వెంట పోయింది. తోట ఉన్నవాళ్ళ ఇళ్ళు ఆ లైను పక్కనే ఉన్నాయి గనక వాళ్ళకి దీపమూ వచ్చింది. అలా వచ్చిన ఇళ్ళలో మాదీ ఒకటి.

ప్రభుత్వ లెక్క కూడా ఇలాగే ఉండేది. 1997 దాకా ఊరి హద్దులో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడితే చాలు, ఆ ఊరికి కరెంటు వచ్చినట్టే. పొలంలో ఒక్క మోటరు తిరిగినా కాగితం మీద ఊరంతా వెలిగిపోయేది. ఊళ్ళో పది శాతం ఇళ్ళకైనా ఉండాలన్న నియమం 2004లో వచ్చింది. తమిళనాడులో అంతకు చాలా ముందే దాదాపు ఊళ్ళన్నిటికీ కరెంటు వచ్చిందన్నారు. 2001 జనాభా లెక్కల్లో మాత్రం ఈ రాష్ట్రంలో దీపానికి కరెంటు వాడే ఇళ్ళు సుమారు 78 శాతమే. దేశం మొత్తం మీద పల్లెల్లో అయితే 43.5 శాతం.

మిగతా ఇళ్ళ సంగతేమిటి? దానికి జవాబు మా తోటలోనే ఉంది. మా దగ్గర తరాలుగా పనిచేసిన కుటుంబాల గుడిసెలు మోటరు షెడ్డుకి కేకవేస్తే వినపడే దూరంలో ఉండేవి. మోటరుకి కరెంటు వచ్చిన ఎన్నో ఏళ్ళ దాకా వాళ్ళవి బుడ్డి దీపాలే. తాటాకు కప్పుకి వైరింగు చేస్తే నిప్పు భయం. మీటరు బిగించడానికి గట్టి గోడ లేదు. డిపాజిట్టు కట్టాలంటే చేతిలో డబ్బు ఉండదు, కూలి వారం వారం వస్తుంది, వచ్చినట్టే పోతుంది. అన్నిటికంటే పెద్ద అడ్డంకి, గుడిసె ఉన్న స్థలానికి వాళ్ళ పేరున పట్టా లేదు. భూమి గలాయన సంతకం పెట్టాలి.

ఆ భూమి గలాయన మా తాత. ఆయన చాలా ఏళ్ళు సంతకం పెట్టలేదు. కరెంటు బిల్లు వాళ్ళ పేరున వస్తే రేపు స్థలం కూడా మాదే అంటారేమోనని భయం. తాత చెడ్డవాడు కాదు. పెళ్ళికీ చావుకీ ముందుండి చూసుకున్నవాడే. అయినా ఆ సంతకం పెట్టలేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అందుకే ఇక్కడ రాస్తున్నాము.

అదే తాత 1970లో కరెంటు రేటు పెంచినప్పుడు వీధికెక్కాడు. మన తెలుగువాడే అయిన సి. నారాయణస్వామి నాయుడు ముందుండి నడిపిన ఉద్యమం అది. పెరుమానల్లూరులో పోలీసు కాల్పుల్లో రైతుల ప్రాణాలు పోయాయి. చివరికి యూనిట్‌కి ఒక్క పైసా తగ్గింది. 1972లో ఎద్దులబళ్ళు కోయంబత్తూరు వీధుల్ని నింపేశాయి. 1990లో రైతులందరి మోటర్లకీ కరెంటు ఉచితమైంది. ఆ ఒక్క పైసా కథని మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. గుడిసెల కథ మాత్రం ఒక్కసారీ చెప్పుకోలేదు.

గుడిసెకి ఒక్క బల్బు ఇచ్చే పథకాలు వచ్చాయి. కేంద్రం 1988-89లో కుటీర్ జ్యోతి మొదలుపెట్టింది. మా తోట గుడిసెలకి దీపం వచ్చింది మాత్రం తాత పోయాక, మా నాయన సంతకం పెట్టాకే. స్తంభం నుంచి తీగ లాగడానికి ఒక్క పూట పట్టింది.

ఇంటి చరిత్ర రాసేటప్పుడు మొదటి బల్బు, మొదటి రేడియో, మొదటి మోటరు గురించి ఇష్టంగా రాసుకుంటాం. రాయాల్సిందే. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళు ఉంటే, కరెంటు మనింటికి ఎప్పుడొచ్చిందో అడగండి. పక్క గుడిసెకి ఎప్పుడొచ్చిందో కూడా అడగండి. రెండు జవాబులూ ఒకే కాగితం మీద రాసి పెట్టుకోండి.