కారు కడిగాక నీటి మచ్చలు పడకుండా ఆరబెట్టడం ఎలా?

గోదావరిఖని: ఆదివారం పొద్దుగాల గంటసేపు కష్టపడి కారు కడుగుతాం. తడి మీద కొత్త బండిలా మెరుస్తది. చాయ్ తాగి వచ్చేసరికి బానెట్ మీద, అద్దాల మీద తెల్ల చుక్కలు, రింగులు కనిపిస్తాయి. నల్ల కారైతే ఇక చెప్పనక్కర్లేదు. సబ్బు పోలేదేమో అనుకొని మళ్లీ నీళ్లు కొడతాం, మళ్లీ అవే మచ్చలు. చాలాసార్లు తప్పు కడగడంలో ఉండదు, ఆరబెట్టడంలో ఉంటుంది.

మచ్చ ఎందుకు పడుతుంది?

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. ఎండకు నీరు ఆవిరైపోతుంది కానీ లవణాలు పోవు, రంగు మీదే మిగిలిపోతాయి. నీళ్లు కాచే హీటర్ రాడ్‌కు తెల్లగా పెచ్చు కడుతుంది కదా, ఇది కూడా అదే. నీటి చుక్క అంచుల దగ్గర ముందుగా ఆరుతుంది. లోపలి నీరు లవణాలను మోసుకొని అంచుకు చేరుతుంది. అందుకే మచ్చ రింగులా ఉంటుంది. బల్ల మీద ఒలికిన చాయ్ చుక్క ఆరినా అంతే.

భారత ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం తాగునీటిలో కరిగిన పదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 2,000 వరకు అనుమతి ఉంది. 500 ఉన్న నీళ్లే అనుకుందాం. కారు మీద అర లీటరు నీరు అలాగే ఆరిపోతే పావు గ్రాము లవణం మిగులుతుంది. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లతో కడిగినా మచ్చలు పడతాయి.

మన దగ్గర ఇబ్బంది రెండింతలు

చుట్టూ ఓపెన్‌కాస్ట్ గనులు, బొగ్గు టిప్పర్లు, పక్కనే ఎన్‌టీపీసీ. కారు మీద పడే దుమ్ములో బొగ్గు పొడి, మట్టి, బూడిద కలిసి ఉంటాయి. ఇసుక రేణువుల్లో ఉండే క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. కారు రంగు మీద ఉండే క్లియర్ కోటు మన వెంట్రుక కంటే పలుచన. దాని మీద ఈ దుమ్మును పెట్టి రుద్దితే సన్నటి గీతలు పడతాయి. ఎండలో నిలబెడితే అవి సాలెగూడులా కనిపిస్తాయి.

అంటే తుడవకపోతే మచ్చలు, తొందరపడి రుద్దితే గీతలు. రెండూ పడకూడదంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత అనేది తెలియాలి.

ఇలా చేయండి

1. వేళ చూసుకోండి: సూర్యుడు పైకి రాకముందు గానీ, సాయంత్రం నీడ పడ్డాక గానీ కడగండి. ఇప్పుడే నడిపి తెచ్చిన బండి అయితే బానెట్ చల్లబడేదాకా ఆగండి. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన రేకు మీద నీరు నిమిషాల్లోనే ఆరిపోతుంది, తుడిచే టైమే ఉండదు.

2. ముందు దుమ్ము పోవాలి: బట్ట ముట్టించకముందే పై నుంచి కిందికి ధారాళంగా నీళ్లు కొట్టండి. సబ్బు పెట్టి కడిగాక కూడా అంతే. ఒకవైపు కడుగుతుంటే ఇంకోవైపు ఆరిపోకుండా మధ్యమధ్యలో తడుపుతూ ఉండండి.

3. చివర్లో పైపు నాజిల్ తీసేయండి: స్ప్రే కొడితే వేల చుక్కలు నిలుస్తాయి. నాజిల్ తీసి, టాప్ మీద నుంచి నీటిని మెల్లగా పారనిస్తే నీరు పొరలా జారిపోతుంది, చాలా వరకు తనంతట తానే దిగిపోతుంది. తుడిచే పని సగం తగ్గుతుంది.

4. వీలైతే ఆఖరి నీళ్లు మార్చండి: ఆర్‌ఓ ప్లాంట్ నీళ్లలో లవణాలు చాలా తక్కువ. కొత్త చేతి స్ప్రేయర్‌లో రెండు లీటర్లు పోసి కారంతా కొడితే బోరు నీళ్లు కడుక్కుపోతాయి. పురుగు మందు కొట్టిన స్ప్రేయర్ మాత్రం వాడొద్దు. వానాకాలంలో శుభ్రంగా పట్టిన వాన నీళ్లు కూడా ఇందుకు బాగుంటాయి.

5. అద్దండి, రుద్దకండి: పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ను టాప్ మీద పరిచి, మెల్లగా మీదికి లాగండి. బరువు వేయొద్దు. తర్వాత అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపులు. కింది భాగం, చక్రాలు చివర్లో, వేరే బట్టతో.

6. దాగిన నీరు మరవొద్దు: సైడ్ మిర్రర్లు, డోర్ హ్యాండిళ్లు, నంబర్ ప్లేటు, పెట్రోల్ మూత దగ్గర నీరు దాక్కుంటుంది. అంతా తుడిచాక అది కారి చారలు పడతాయి. తలుపులు, డిక్కీ తెరిచి అంచులు తుడవండి. బండిని ఒక చిన్న రౌండ్ తిప్పి తెస్తే మిగిలిన నీరు బయటికొస్తుంది, బ్రేకులు కూడా ఆరతాయి. మళ్లీ ఒకసారి తుడిస్తే పని అయిపోయినట్టే.

ఏ బట్ట వాడాలి?

పాత బనియన్, లుంగీ ముక్క, చీర ముక్క నీటిని త్వరగా పీల్చవు. కుట్లు, గుండీలు ఉంటే గీతలు కూడా పడతాయి. మందంగా ఉన్న మైక్రోఫైబర్ టవళ్లు రెండు చాలు. ఒకటి ఎక్కువ నీరు తీయడానికి, ఇంకోటి ఆఖరి తుడుపుకు. టవల్ కింద పడితే ఉతికేదాకా మళ్లీ కారుకు ముట్టించొద్దు. మెత్తగా, వాసనగా ఉండటానికి బట్టలకు వేసే లిక్విడ్‌తో వాటిని ఉతకొద్దు, నీటిని పీల్చే గుణం పోతుంది.

మచ్చలు పడిపోతే?

అదే రోజు చూస్తే తడి బట్టతో తుడిచినా పోతాయి. మొండి మచ్చలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, మెత్తటి బట్టతో అద్ది నిమిషం తర్వాత బాగా కడిగేయండి. ముందు కనపడని చోట పరీక్షించండి, ఎండలో చేయొద్దు, వెనిగర్‌ను రంగు మీద ఆరనివ్వొద్దు. తర్వాత ఆ చోట వ్యాక్స్ రాయండి. బాత్రూం యాసిడ్, గిన్నెల పీచు దగ్గరికి రానివ్వొద్దు. వారాల తరబడి ఎండలో ఉన్న మచ్చలు క్లియర్ కోటును తినేస్తాయి. గోటితో తడిమితే గుంటలా తగులుతాయి. అప్పుడు మెషీన్ పాలిష్ తప్ప దారి లేదు. పాలిష్ చేసిన ప్రతిసారీ క్లియర్ కోటు కొంత అరుగుతుంది కాబట్టి మాటిమాటికి చేయించలేం.

ముందు అద్దం సంగతి

రంగు మీది మచ్చలు అందానికి సంబంధించినవి. ముందు అద్దం మీది మచ్చలు ప్రాణానికి సంబంధించినవి. నైట్ షిఫ్ట్‌కు పోయేటప్పుడు రాజీవ్ రహదారి మీద ఎదురుగా లారీ లైట్లు పడితే ఆ మచ్చలన్నీ ఒక్కసారి వెలిగి, రోడ్డు దాటే మనిషి కనిపించడు. అందుకే టైమ్ తక్కువున్న రోజు కారంతా తుడవకపోయినా, ముందు అద్దం, సైడ్ మిర్రర్లు తుడవకుండా బండి తీయకండి. వైపర్ రబ్బర్లను కూడా తడి బట్టతో తుడవండి. వాటికి పట్టిన బూడిదే అద్దాన్ని గీస్తుంది.

ఈఎంఐ కట్టి కొనుక్కున్న కారు నాలుగేళ్లకు అమ్మబోతే, కొనేవాళ్లు ముందు చూసేది పెయింటే. కడిగాక ఇంకో పావుగంట నీడలో నిలబడి తుడిచిన కష్టం అప్పుడు తెలుస్తది.